పాత ఫాక్స్‌ప్రో అప్లికేషన్ నా చేతికి వచ్చింది: ముందు భాష నేర్చుకోవాలా, డేటా చదవాలా?

శ్రావణి_జావా
తొమ్మిదేళ్లుగా జావాలోనే పని చేస్తున్నాను. సరకు నిల్వలు, బిల్లులు చూసుకునే ఒక పాత అప్లికేషన్‌ను ఇన్నాళ్లూ నడిపిన పెద్దాయన పదవీ విరమణ చేయడంతో, గత నెల దాని బాధ్యత నాకు అప్పగించారు. అది మైక్రోసాఫ్ట్ వారి పాత డేటాబేస్ భాష విజువల్ ఫాక్స్‌ప్రో 9లో రాసినది. సుమారు 140 టేబుళ్లు, వాటికి రెట్టింపు పైగా ఫారాలు, ప్రోగ్రాములు ఉన్నాయి. కనీసం రెండేళ్ల పాటు దీన్నే నడపాలని, తిరగరాసే ఆలోచన ఇప్పట్లో లేదని పైవాళ్లు స్పష్టంగా చెప్పారు.

సహాయ పుస్తకం ముందు పెట్టుకుని వారం రోజుల్లో షరతులు, లూపులు, ఫంక్షన్లు నేర్చుకున్నాను. చిన్న చిన్న ప్రోగ్రాములు రాయగలుగుతున్నాను. కానీ అప్లికేషన్ కోడ్ తెరిస్తే మాత్రం ఒక్క పేజీ కూడా కొరుకుడు పడటం లేదు. ప్రతి వాక్యం అర్థమవుతున్నట్టే ఉంటుంది గానీ, మొత్తం మీద ఏం జరుగుతోందో తెలియదు.

దీనికి తోడు ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. తొలగించిన బిల్లులు జాబితా తెరమీద కనిపించవు. నెలవారీ రిపోర్టులో మాత్రం మళ్లీ ప్రత్యక్షమవుతున్నాయి. ఆ రిపోర్టులోని క్వెరీనే (డేటాను అడిగే ప్రశ్న) కమాండ్ విండోలో నేను టైపు చేస్తే సరైన ఫలితమే వస్తోంది. ఇలాంటి బాధ్యత మీద పడినప్పుడు మీరు భాషను ఎక్కడి నుంచి మొదలుపెట్టారు?

పాతటేబుల్
మీరు నేర్చుకున్న లూపులు, షరతులు ఈ భాషలో చాలా చిన్న భాగం. జావాలో డేటాబేస్ బయట ఉంటుంది. మీరు కనెక్షన్ తెరుస్తారు, ప్రశ్న పంపుతారు, జవాబు తెచ్చుకుంటారు. ఇక్కడ టేబుల్ భాష లోపలే ఉంటుంది. ప్రతి టేబులూ ఒక వర్క్ ఏరియాలో (టేబుల్ తెరిచి ఉంచే ఒక అర) తెరుచుకుంటుంది, అందులో ఒక పాయింటర్ ఏదో ఒక రికార్డు మీద నిలబడి ఉంటుంది. ఏ టేబుల్ పేరూ చెప్పకుండా రాసిన ఆదేశం, ఆ క్షణంలో ఎంపికై ఉన్న వర్క్ ఏరియా మీద పని చేస్తుంది. కాబట్టి «రీప్లేస్ నిల్వ విత్ నిల్వ - 1» (నిల్వను ఒకటి తగ్గించు) అనే వాక్యం ఏ టేబుల్‌ను మారుస్తుందో ఆ వాక్యం చూసి చెప్పలేము. అంతకు ముందు చివరిసారి «సెలెక్ట్» (వర్క్ ఏరియా ఎంపిక) ఎక్కడ జరిగింది, పాయింటర్‌ను ఎవరు ఎక్కడ వదిలారు అన్నది తెలియాలి. అది ఒక్కోసారి మూడు ఫంక్షన్ల వెనక ఉంటుంది. ప్రతి వాక్యం తెలిసినట్టే ఉండి మొత్తం అర్థం కాకపోవడానికి కారణం ఇదే.

అందువల్ల కోడ్‌ను కాగితం మీద చదివినట్టు చదవకండి. డీబగ్గర్‌లో ఒక్కో అడుగు నడిపిస్తూ, పక్కనే డేటా సెషన్ విండో తెరిచి ఉంచుకోండి. ఏ టేబుళ్లు తెరిచి ఉన్నాయో, ఏది ఎంపికై ఉందో అందులో కనబడుతుంది. ఒక బిల్లు నమోదు చేసి దాన్ని మొదటి నుంచి చివరి దాకా వెంబడించండి. వారం రోజుల పాఠాల కన్నా ఆ ఒక్క బిల్లు ఎక్కువ నేర్పుతుంది.

కొత్తగళం
నా అభిప్రాయం వేరు. 9వ సంచిక 2004 చివరలో వచ్చింది, తర్వాతి సంచిక ఉండదని 2007లోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, పొడిగించిన మద్దతు కూడా 2015 జనవరితో ముగిసింది. అటువంటి భాష మీద ఒక అనుభవజ్ఞురాలు నెలల తరబడి శ్రమ పెట్టడం కన్నా, డేటాను బయటికి తీసి, తెలిసిన భాషలో కొత్తగా రాయడానికి పైవాళ్లను ఒప్పించడం మేలు.

శ్రావణి_జావా
ఒప్పించాలనే నాకూ ఉంది. కానీ నిల్వ ఎప్పుడు తగ్గించాలి, పాక్షికంగా తిరిగి వచ్చిన సరకుకు ధర ఏది తీసుకోవాలి వంటి నియమాలు ఎక్కడా రాసి లేవు. అవి ఈ కోడ్‌లోనే ఉన్నాయి. తిరగరాయాలన్నా ముందు ఇది చదవగలగాలి.

రెండోషిఫ్ట్
శ్రావణి గారు చెప్పిన చివరి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మేము ఒకసారి ఇలాంటి అప్లికేషన్‌ను, సరిగ్గా చదవకుండానే, తిరగరాశాము. పాత ప్రోగ్రాము ప్రతి బిల్లు వరుసనూ విడివిడిగా పూర్ణాంకానికి సవరించి తర్వాత కూడేది. మేము మొత్తం కూడిన తర్వాత ఒకసారి సవరించాము. రెండూ న్యాయంగానే కనిపిస్తాయి. కానీ మా లెక్కలు పాత లెక్కలతో మూడు నెలల పాటు కలవలేదు. తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి చివరికి మళ్లీ పాత కోడ్ దగ్గరికే వెళ్లాము, అది కూడా ఆ భాష తెలిసినవాళ్లు వెళ్లిపోయిన తర్వాత.

సూచిక
తొలగించిన బిల్లుల విషయం: ఆ రిపోర్టును పిలిచే ఫారంలో డేటాసెషన్ అనే గుణానికి 1 ఉందా, 2 ఉందా చూడండి. 2 ఉంటే సమస్య దొరికినట్టే అని నా అనుమానం.

శ్రావణి_జావా
2 ఉంది. జాబితా చూపించే ఫారంలో 1 ఉంది. దీనికీ తొలగింపుకూ సంబంధం ఏమిటి?

సూచిక
రెండు విషయాలు కలిసి ఇలా అవుతుంది.

మొదటిది, ఈ భాషలో తొలగించడం అంటే చెరిపివేయడం కాదు. టేబుల్‌ను దాచే డీబీఎఫ్ ఫైలులో ప్రతి రికార్డుకూ ముందు ఒక బైటు ఉంటుంది. డిలీట్ ఆదేశం ఇచ్చినప్పుడు ఆ బైటులో ఖాళీకి బదులు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. రికార్డు ఎక్కడిది అక్కడే ఉంటుంది. ప్యాక్ ఆదేశం నడిపినప్పుడే అది నిజంగా ఫైలు నుంచి పోతుంది. ఫాక్స్‌ప్రోకు ముందున్న డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాము కాలం నుంచి వస్తున్న పద్ధతి ఇది. గుర్తు పడిన రికార్డులను మనకు చూపించాలా వద్దా అన్నది «సెట్ డిలీటెడ్» అనే అమరిక నిర్ణయిస్తుంది. పేరు తికమకగా ఉంటుంది: ఆన్ అంటే తొలగించినవి దాచు అని, ఆఫ్ అంటే చూపించు అని. భాష తనంతట తాను తీసుకునే విలువ ఆఫ్.

రెండోది, డేటాసెషన్ 2 అంటే ఆ ఫారం తనకంటూ ఒక ప్రత్యేక సెషన్ తెరుచుకుంటుంది. మీ ముఖ్య ప్రోగ్రాము మొదట్లో «సెట్ డిలీటెడ్ ఆన్» అని ఉండి ఉంటుంది. కానీ ఆ అమరిక ఆ సెషన్‌కే పరిమితం. కొత్త సెషన్ పుట్టినప్పుడు అది మళ్లీ ఆఫ్‌తో మొదలవుతుంది. జాబితా ఫారం ముఖ్య సెషన్‌నే వాడుకుంటోంది కాబట్టి అందులో బిల్లులు దాగి ఉన్నాయి. రిపోర్టు ఫారం తన సొంత సెషన్‌లో ఉంది కాబట్టి అన్నీ కనిపించాయి. కమాండ్ విండోలో మీకు సరిగ్గా రావడానికి కారణం కూడా ఇదే.

శ్రావణి_జావా
ఆ ఫారం తెరుచుకునేటప్పుడు నడిచే లోడ్ ఘట్టంలో «సెట్ డిలీటెడ్ ఆన్» చేర్చి, డేటా నకలు మీద నడిపాను. తొలగించిన బిల్లులు పోయాయి. నాలుగు రోజులుగా క్వెరీని తిప్పి తిప్పి చూస్తున్నాను. క్వెరీలో తప్పే లేదు.

పాతటేబుల్
సూచిక గారు చెప్పిన దానికి ఒక చేర్పు. సెషన్‌తో పాటు మారిపోయేది ఆ ఒక్క అమరికే కాదు. సెట్ ఎగ్జాక్ట్, సెట్ డేట్, సెట్ సెంచురీ, సెట్ మల్టీలాక్స్, సెట్ నియర్ వంటివి చాలా ఉన్నాయి. ఒక్కో ఫారంలో ఒక్కొక్కటి అతికించుకుంటూ పోతే ఎక్కడో ఒకటి మరిచిపోతారు. అన్ని ఫారాలకూ మూలమైన క్లాస్ ఒకటి ఉంటే దాని లోడ్‌లో ఒకే చోట పెట్టండి, లేకపోతే ఒక చిన్న ప్రోగ్రాము రాసి ప్రతి ఫారం నుంచీ దాన్నే పిలవండి.

ఈ భాష నేర్చుకునేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఇదే. ముఖ్య ప్రోగ్రాములోని సెట్ వాక్యాలన్నింటినీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటి లేకపోతే ఏమవుతుందో తెలుసుకోండి. ఒకే కోడ్ వేర్వేరు అమరికల కింద వేర్వేరుగా ప్రవర్తిస్తుంది. అవి తెలియకుండా వాక్యనిర్మాణం ఎంత నేర్చినా భాష సగమే వచ్చినట్టు.

తాళంచెవి
సెట్ ఎగ్జాక్ట్ పేరు వచ్చింది కాబట్టి నాకు ఎదురైన ఉదంతం చెబుతాను. అది ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒంటి సమాన చిహ్నం, కుడివైపున్న అక్షరాలు అయిపోయే వరకే పోలుస్తుంది. అంటే «123» = «12» నిజం, «12» = «123» అబద్ధం. పక్కలు మారిస్తే జవాబు మారుతుంది. ఇండెక్స్‌లో వెతికే సీక్ ఆదేశం కూడా అంతే, మొదటి అక్షరాలు కలిస్తే చాలు దొరికిందంటుంది.

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, ఇది ఏళ్ల తరబడి బయటపడదు. ఖాతా సంఖ్య అక్షరాల ఫీల్డులో ఉందనుకోండి. 12 కోసం వెతికితే ఇండెక్స్ వరుసలో 12 తర్వాత ఖాళీలున్న రికార్డు ముందు వస్తుంది, 123 వెనక వస్తుంది. కాబట్టి 12వ ఖాతా ఉన్నంత కాలం సరైనదే దొరుకుతుంది. ఎవరో ఆ ఖాతాను తొలగించిన రోజున, అదే ప్రోగ్రాము 123వ ఖాతా మీద వాలి, దొరికిందని చెప్పి, దానికే చెల్లింపు రాసేస్తుంది. మా దగ్గర సరిగ్గా ఇలాగే జరిగింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, కేవలం డేటా మారింది. ఎప్పటి నుంచి తప్పు రాస్తోందో లెక్క తేల్చడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

చలరాశి
దానికి జంట సమాన చిహ్నం వాడవచ్చు కదా?

తాళంచెవి
జాగ్రత్తగా వాడాలి. జంట చిహ్నం వెనకనున్న ఖాళీలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఫీల్డు వెడల్పు 6 అయితే అందులో 12 తర్వాత నాలుగు ఖాళీలు ఉంటాయి, కాబట్టి అది కూడా కలవదు. రెండు వైపులా, అంచుల్లోని ఖాళీలు తీసేసే ఆల్‌ట్రిమ్ పెట్టి పోల్చాలి. సీక్‌కు ఇచ్చే విలువనైతే ప్యాడ్ఆర్‌తో ఫీల్డు వెడల్పుకు సమానంగా పొడిగించి ఇవ్వాలి.

ఇంకొక మాట, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ ప్రశ్నల భాష) సెలెక్ట్‌లో సమాన చిహ్నాన్ని సెట్ ఎగ్జాక్ట్ పట్టించుకోదు, అక్కడ సెట్ ఆన్సీ అనే వేరొక అమరిక చెల్లుతుంది. ఒకే అప్లికేషన్‌లో రెండూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

చలరాశి
నేను పైథాన్ నుంచి ఈ భాషకు వచ్చాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టింది పేర్ల విషయం. ఫీల్డుకూ చరరాశికీ ఒకే పేరు ఉంటే, ఎంపికై ఉన్న టేబుల్‌లోని ఫీల్డుదే పైచేయి. «రీప్లేస్ ధర విత్ ధర» అని పాత కోడ్‌లో ఉంటే, రాసినవారి ఉద్దేశం తెరమీద అడిగిన కొత్త ధరను ఫీల్డులో పెట్టడం. కానీ జరిగేది ఫీల్డును ఫీల్డుతోనే నింపడం. ఏ లోపమూ చూపించదు, ఏదీ మారదు. చరరాశి ముందు ఎమ్, చుక్క పెట్టే అలవాటు ఇందుకే వచ్చింది. పాత కోడ్‌లో ఆ చుక్క కనిపిస్తే అలంకారం అనుకుని తీసేయకండి.

పైగా లోకల్ అని ప్రకటించకుండా విలువ ఇచ్చిన చరరాశి ప్రైవేట్ అవుతుంది. ఆ ఫంక్షన్ పిలిచే ఫంక్షన్లన్నింటికీ, అవి పిలిచే వాటికీ అది కనిపిస్తుంది, అవి దాన్ని మార్చగలవు కూడా. లూపు లెక్కకు వాడిన ఒంటి అక్షరం చరరాశిని లోపలి ఫంక్షన్ మార్చేసి, లూపు సగంలో ఆగిపోవడం నేను చూశాను.

రెండోషిఫ్ట్
ఎస్‌క్యూఎల్ అలవాటుతో వచ్చేవారికి మరొకటి. ఈ భాషలో రెండు తరాల ఆదేశాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. షరతు లేకుండా «డిలీట్» అంటే పాయింటర్ ఉన్న ఒక్క రికార్డే పోతుంది. షరతు లేకుండా «డిలీట్ ఫ్రమ్ బిల్లులు» అంటే టేబుల్ మొత్తానికీ గుర్తు పడుతుంది. రీప్లేస్‌కూ అప్‌డేట్‌కూ కూడా ఇదే తేడా. చదివేటప్పుడు ఆ ఒక్క మాట మీద కన్ను ఆగకపోతే అర్థం తలకిందులవుతుంది. పాయింటర్ ఫైలు చివర దాటి ఉన్నప్పుడు రీప్లేస్ ఏమీ చేయదు, చేయలేదని చెప్పదు కూడా.

నల్‌విలువ
నేను ఫాక్స్‌ప్రో వాడలేదు. జావా నుంచే ఒరాకిల్ డేటాబేస్ భాష పీఎల్ ఎస్‌క్యూఎల్ వైపు, ఇదే విధంగా పాత అప్లికేషన్ కోసం వెళ్లాను. అక్కడ ఒక్క అక్షరం కూడా లేని పాఠ్యం, నల్ (విలువే లేదు అనే గుర్తు), రెండూ ఒకటే. జావాలో అవి రెండు వేర్వేరు. ఆ ఒక్క తేడా వల్ల నేను రాసిన మొదటి సవరణ, చిరునామా లేని వినియోగదారులందరినీ వదిలేసింది. కొత్త డేటాబేస్ భాష నేర్చుకునేటప్పుడు «ఏమీ లేదు» అన్న విషయాన్ని ఆ భాష ఎన్ని రకాలుగా చెబుతుందో నేను అప్పటి నుంచి మొట్టమొదట అడుగుతున్నాను. ఫాక్స్‌ప్రోలో ఎలా ఉంటుంది?

సూచిక
నల్ ఉంది, దానికి తోడు ఖాళీ కూడా ఉంది. తేదీ ఫీల్డులో ఖాళీ తేదీ అన్నది నల్ కాని ఒక విలువ. ఎంప్టీ ఫంక్షన్ ఖాళీ అక్షరాలకూ, సున్నాకూ, ఖాళీ తేదీకీ, అబద్ధానికీ నిజం అని చెబుతుంది, నల్‌కు మాత్రం చెప్పదు. రేపు డేటాను వేరే డేటాబేస్‌కు తరలించాలన్నప్పుడు ఈ ఖాళీ తేదీలను ఏం చేయాలన్నది పెద్ద ప్రశ్న అవుతుంది, అక్కడ అటువంటి విలువ ఉండదు కాబట్టి.

కొత్తగళం
ఇవన్నీ చదివాక, చదవకుండా తిరగరాయడం ప్రమాదమని ఒప్పుకుంటున్నాను. కానీ తరలింపు మాటను పక్కన పెట్టవద్దని మళ్లీ చెబుతాను. ఒక్కో టేబుల్ ఫైలుకు 2 గిగాబైట్ల హద్దు ఉంది, అది పెంచడానికి వీల్లేదు. పొడవైన పాఠ్యం దాచే మెమో ఫైలుకూ అంతే. ఇతర ప్రోగ్రాములు ఈ డేటా చదవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఓడీబీసీ, ఓఎల్ఈడీబీ డ్రైవర్లు 32 బిట్లవే, కాబట్టి 64 బిట్ల జావా నుంచి వాటితో నేరుగా చదవడం కుదరదు. శ్రావణి గారూ, మీ బిల్లు వరుసల టేబుల్ ఇప్పుడు ఎంత ఉంది?

శ్రావణి_జావా
1.3 గిగాబైట్లు. దీన్ని చూసుకోవాలని నాకు తట్టలేదు. ఇకపై ప్రతి నెలా నమోదు చేసుకుంటాను.

మరొక సందేహం. ఫారాలు గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) పెడితే మార్పులు కనిపించడం లేదు, బైనరీ ఫైలు మారింది అని మాత్రమే చెబుతోంది. ఏ ఫారం ఏ టేబుల్‌ను ముట్టుకుంటుందో వెతకడం కూడా కష్టంగా ఉంది.

పాతటేబుల్
ఫారం ఫైలు కూడా ఒక టేబులే. ఎస్‌సీఎక్స్ అన్నది పేరు మారిన డీబీఎఫ్, దాని పక్కన ఉండే ఎస్‌సీటీ దాని మెమో ఫైలు. రిపోర్టు ఫైళ్లూ, క్లాస్ లైబ్రరీలూ అంతే. ఫారం నకలు తీసుకుని, «యూజ్» అని పూర్తి ఫైలు పేరుతో తెరిచి బ్రౌజ్ చేయండి. మెథడ్స్ అనే మెమో ఫీల్డులో కోడ్ అంతా ఉంటుంది. కాబట్టి అన్ని ఫారాల మీదా ఒక లూపు తిప్పి, ఫలానా టేబుల్ పేరు ఏ మెథడ్‌లో ఉందో ఒక జాబితా తయారు చేసుకోవచ్చు. భాషతోనే ఆ భాషలో రాసిన అప్లికేషన్‌ను ప్రశ్నించడం అన్నమాట. నేర్చుకునే వారికి ఇంతకన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు, ఎందుకంటే ఫలితం వెంటనే పనికొస్తుంది. ఏ ఫారాల్లో డేటాసెషన్ 2 ఉందో కూడా ప్రాపర్టీస్ ఫీల్డులో ఇలాగే వెతకండి.

గిట్ కోసమైతే ఫాక్స్‌బిన్2పీఆర్‌జీ అనే ఉచిత సాధనం ఉంది. అది ఈ ఫైళ్లను పాఠ్యంగా మార్చి, మళ్లీ వెనక్కి కూడా తెస్తుంది.

తాళంచెవి
నేర్చుకునే రోజుల్లో అసలు డేటా ఉన్న ఫోల్డరు వైపు కమాండ్ విండో తెరవనే వద్దు. పాత ప్రోగ్రాములు చాలా వరకు మొదట్లోనే, చెరిపే ముందు అడిగే సెట్ సేఫ్టీని ఆఫ్ చేస్తాయి. ఆ తర్వాత జ్యాప్ అని కొడితే అడగకుండానే టేబుల్ ఖాళీ అవుతుంది, తొలగింపు గుర్తును తీసేసే రీకాల్‌తో కూడా తిరిగి రాదు.

సూచిక
శ్రావణి గారూ, ఆ రిపోర్టు సవరణను అసలు అప్లికేషన్‌లో పెట్టే ముందు ఒక పని చేయండి. ఆ అంకెలను ప్రతి నెలా ఎవరు తీసుకుంటున్నారో, వాటితో ఏం చేస్తున్నారో వెళ్లి అడగండి. ఇన్నేళ్లుగా తప్పు మొత్తం ఇస్తున్న రిపోర్టు చుట్టూ మనుషులు ఏదో ఒక ఏర్పాటు చేసుకునే ఉంటారు.

శ్రావణి_జావా
పన్నెండు రోజుల తర్వాత తిరిగి రాస్తున్నాను.

పాతటేబుల్ గారు చెప్పినట్టు ఫారాలన్నింటి మీదా లూపు తిప్పాను. డేటాసెషన్ 2 ఉన్నవి 61 తేలాయి, వాటిలో 19 ఫారాలు సెట్ డిలీటెడ్ మాటే ఎత్తడం లేదు. తాళంచెవి గారి ఉదంతం చదివాక సీక్ ఉన్న చోట్లు కూడా వెతికాను. పొడిగించకుండా విలువ ఇస్తున్నవి ఏడు ఉన్నాయి. అందులో రెండు చెల్లింపులు రాసే చోట్లే. ఆ రెండింటినీ సరిచేసి, పాత చెల్లింపులను ఖాతాలతో పోల్చి చూస్తున్నాను, ఇప్పటికి తప్పు ఏదీ కనబడలేదు. ఒక బిల్లును మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు నడిపించాను. రెండోసారి, ఏ టేబుల్ ఎంపికై ఉందో విండో చూడకుండానే చాలా చోట్ల చెప్పగలిగాను.

సూచిక గారూ, మీరు అడగమన్నట్టే లెక్కల విభాగానికి వెళ్లాను. రిపోర్టులో తొలగించిన బిల్లులు వస్తున్నాయని అక్కడి ఉద్యోగినికి ఆరేళ్లుగా తెలుసు. ప్రతి నెలా ఆ బిల్లుల సంఖ్యలు ఒక పుస్తకంలో రాసుకుని, వాటి మొత్తాన్ని చేత్తో తీసివేసి పైకి పంపుతున్నారు. నేను చెప్పకుండా సవరించి ఉంటే ఆ మొత్తం రెండుసార్లు తగ్గి ఉండేది. ఆమె పుస్తకంలోని సంఖ్యలనూ, టేబుల్‌లో నక్షత్రం గుర్తున్న బిల్లులనూ పక్కపక్కన పెట్టి ఇద్దరం సరిచూసుకున్నాము. మూడు తప్ప అన్నీ కలిశాయి. ఆ మూడు బిల్లులు ఎవరు ఎందుకు తొలగించారో తేలిన తర్వాత, వచ్చే నెల మొదటి తేదీ నుంచి సవరణ అమలు చేయాలని ఇద్దరం అనుకున్నాము.

ఒక్క ప్రశ్న మిగిలింది. నెలాఖరు ముగింపు ప్రోగ్రాములో ప్యాక్ వాక్యం ఒకటి ఉంది, కానీ దాని ముందు నక్షత్రం పెట్టి పని చేయకుండా ఆపేశారు. దాన్ని తిరిగి తెరవవచ్చా?

పాతటేబుల్
ఇప్పుడు వద్దు. ఆ మూడు బిల్లులకు ఉన్న ఏకైక ఆధారం టేబుల్‌లోనే ఉంది. ప్యాక్ నడిస్తే అది పోతుంది. వీలైతే ఆ పెద్దాయనకు ఫోన్ చేసి, ఆ వాక్యాన్ని ఎందుకు ఆపారో అడిగి, ఆయన చెప్పిన కారణాన్ని ఆ వరుస పక్కనే వ్యాఖ్యగా రాసి పెట్టండి.

శ్రావణి_జావా
సాయంత్రం ఫోన్ చేస్తాను.